తప్పంతా మలుపుదేనట!

ఈ ఉదయం చిత్తూరులోని మా మోటారు షెడ్డుకు చిన్నపాటి జమీందారు, ఒక మిట్టాదారుగారు వచ్చారు. మద్రాసులో పందెం కోసమని పాత కారుకు పైకప్పూ మడ్గార్డులూ పీకించి, నాలుగు చక్రాలూ బయటికి కనబడేలా చేయించుకున్నారాయన. బ్రేకు వేస్తే దాని ముక్కు కిందికి వంగడం ఆయనకు నచ్చలేదు. ముందు స్ప్రింగులకు ఇంకో మూడేసి ఉక్కు పట్టీలు వేసి బిగించమన్నారు.

"వద్దు సామీ. ముందర అంత బిర్రుగా ఉంటే మలుపులో ఆ చక్రాలకు పట్టు దొరకదు. స్టీరింగు తిప్పినా బండి నేరుగా పోతాది" అన్నాను.

"నా బండి ఎవురికీ తల వంచేది లేదప్పా! సెప్పింది సెయ్" అన్నారు.

చేశాను. మధ్యాహ్నం పుత్తూరు రోడ్డులో మొదటి మలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన స్టీరింగు పూర్తిగా తిప్పారు. కారు మాత్రం తిరగకుండా నేరుగా చెరకు తోటలో దూరింది. పరుగెత్తుకెళ్లి ఆయన్ను బయటికి లాగాను. అదృష్టం బాగుండి మణికట్టు ఒక్కటే విరిగింది.

పుత్తూరులో కట్టు కట్టించుకునేటప్పుడైనా ఆ స్ప్రింగు పట్టీలు తీసేయమంటారని ఎదురుచూశాను. ఆయన మలుపునే తీసేసి రోడ్డు నేరుగా వేయాలని అర్జీ రాయించారు. సాక్షి సంతకం నన్నే పెట్టమంటున్నారు. మీరైతే పెడతారా?