ఆయ్ అన్నందుకు మూడు టిక్కులు

హన్నా టీచరుది సఖినేటిపల్లి. కాన్వెంటులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. భర్త శ్యామ్ బాబు రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపేవాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక మాట పోయింది, మతీ సరిగ్గా నిలవడం లేదు. మధ్యాహ్నం హన్నా వచ్చి ముద్ద పెడితేనే తినేవాడు. ఇంకెవరు పెట్టినా పళ్లు బిగించేసేవాడు. అందుకే ఆవిడ పక్క వీధిలోని బడి వదిలి ఎక్కడికీ కదల్లేదు. ఆ జీతం మందులకే చాలేది కాదు.

రెండువేల రెండులో, జిల్లా అంతటా బళ్లు నడిపే ఒక సంస్థలో ఆవిడకి పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. సఖినేటిపల్లిలోనూ వాళ్ల బడి ఉంది, అందులో ఖాళీ కూడా ఉంది. ఇన్నాళ్లకి దేవుడు చూశాడనుకుంది పిచ్చిది. ఊరు కోరుకోవడానికి అమలాపురం రమ్మన్నారు.

పూర్వమైతే కాగితం మీద రాసిస్తే సరిపోయేది. ఈసారి కంప్యూటరు పెట్టి, హైదరాబాదు నుంచి ఆపరేటర్ని దింపారు. తెర మీద ఖాళీలున్న ఊళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటాయి. పేరు పక్కన గడి నొక్కితే టిక్కు పడుతుంది. ఎవరూ మూడు ఊళ్లకి మించి కోరకూడదు గనక, టిక్కులు లెక్కపెట్టి మూడు కాగానే ఆపేసేలా అతనే ప్రోగ్రాం రాశాడు. తెర అతని వైపు ఉంది. హన్నాకి కనిపించేది దాని వీపే.

"అడ్డతీగల," అని చదివాడు.

"ఆయ్," అంది హన్నా.

"మారేడుమిల్లి."

"ఆయ్."

"రంపచోడవరం."

"ఆయ్ అండి."

మన గోదావరి వాళ్ల ఆయ్ సంగతి ఎవరికి తెలీదు? ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, వింటున్నామండి అని మర్యాదకి అనేస్తాం. ఒప్పుకున్నప్పుడూ ఆ మాటే. తన ఊరు వచ్చేదాకా వింటున్నానన్నట్టే ఆవిడ ఆయ్ అంది. అతను మాత్రం అవునని అనుకుని టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. మూడూ ఎక్కడో దూరాన మన్యం కొండల్లో ఊళ్లే.

"సఖినేటిపల్లి," అనగానే హన్నా ముందుకి జరిగింది. "అదేనండి, నాకు అదొక్కటే చాలండి."

అతను నొక్కాడు. పడలేదు. "మీకు మూడూ అయిపోయాయి మేడమ్."

"నేనింకా ఏదీ కోరలేదండి. మీరు చదూతుంటే విన్నానంతేనండి."

అతను చెడ్డవాడేం కాదు. మూడు టిక్కులూ తీసేశాడు. మళ్లీ సఖినేటిపల్లి నొక్కాడు. పడలేదు. టిక్కు పెడితే ఒకటి కలపమని రాసిన మహానుభావుడు, తీసేస్తే ఒకటి తగ్గించమని రాయడం మరిచిపోయాడు. గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి, లెక్క మాత్రం మూడు దగ్గరే ఉంది. ప్రోగ్రాం మూసి తెరిచినా అంతే.

సంస్థ మేనేజరు ధర్మరాజు వచ్చి తెరలోకి తొంగి చూశాడు. "ఏ ఊరూ కోరుకోలేదన్నమాట. అలాంటోళ్లకి మిగిలిందేదో ఇస్తామమ్మా. కంప్యూటర్లో ఎలా ఉంటే అలాగే, మన చేతుల్లో ఏం లేదు."

"మా ఆయన మంచంలో ఉన్నారండి. మధ్యాహ్నం నేను పెడితేనే తింటారండి."

"అందరికీ ఏదో ఒకటి ఉంటాదమ్మా. ఎనకాల జనం ఉన్నారు, పక్కకి రండి."

"ఆయ్," అని లేచింది హన్నా. అక్కడే కూర్చుని గొడవ పెట్టుకోవలసిన మనిషి, నమస్కారం పెట్టి మరీ బయటకి వచ్చింది. ఈ మర్యాద తగలెయ్య, ఎవరిని ఉద్ధరించింది గనక?

మారేడుమిల్లి ఇచ్చారు. వదులుకుంటే మందులకి దారి లేదు. మంచాన ఉన్న మనిషిని ఆ కొండల్లోకి తీసుకెళ్లలేక, పక్కింటి అచ్చమ్మని బతిమాలి, ఆయన్ని చూసుకుంటూ వేళకి అన్నం పెట్టమని ఒప్పగించి వెళ్లింది. మొదట్లో శ్యామ్ బాబు పస్తులుంటున్నాడని ఫోనులో విని, బడిపిల్లల ముందే ఏడ్చేసింది. "ఇప్పుడు తింటన్నారండి," అని ఆ తర్వాత అచ్చమ్మ చెప్పినప్పుడు ప్రాణం కుదుటపడింది. బదిలీకి పెట్టిన అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు.

వేసవి సెలవులకి ఇంటికొచ్చి, చేపల పులుసుతో అన్నం కలిపి, ముళ్లు ఏరి, ముద్ద నోటి దగ్గర పెట్టింది. శ్యామ్ బాబు పళ్లు బిగించాడు.

"నేనేనండీ, హన్నాని."

అతను ఆవిడ భుజం మీంచి గుమ్మం వైపు చూస్తున్నాడు. అచ్చమ్మ వచ్చి కంచం అందుకుంది. పాపం, మంచి మనసుతోనే అంది.

"కాస్త అవతల నించోండమ్మా. కొత్తోళ్లుంటే ఆయన తినరండి."