ముందు మీ బాత్రూము చూపించండి

మా వదిన ఇందిర మలేసియాలోని బంటింగ్‌లో పాత ఇళ్లు బాగుచేయించే కాంట్రాక్టరు. పనివాళ్లను ఎంచుకోవడంలో ఆమెకో పద్ధతి ఉంది. ఫోన్లో ఫొటోలు చూపిస్తే చూడదు. టైల్స్ వేసేవాణ్ణి ఏళ్ల కిందట చేసిన ఇల్లేదో చెప్పమంటుంది. మోటార్‌సైకిల్ వెనక నన్నెక్కించుకుని ఆ ఇంటికెళ్లి, మంచినీళ్లడిగి, ఆనక బాత్రూము అడుగుతుంది. లోపల బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పోతాయో చూస్తూ నిలబడుతుంది. మూలల్లో నీళ్లు నిలిచాయా, ఆ మనిషికి మా దగ్గర పని లేదు.

ఇంత గట్టి మనిషి ఒక్కసారి మెత్తబడింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా వీధిలో దొరసామి బాబాయికి షుగరు వల్ల కాలు తీసేశారు. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి రావాలి. కుర్చీ నేరుగా లోపలికి పోయేటట్టు గడప తీసేసి బాత్రూము మార్చాలి. నేల మీద నీళ్లు నిలవకూడదు. స్నానం చేసే స్టూలు మీదికి జరిగేటప్పుడు ఆ ఉన్న ఒక్క కాలూ జారితే మనిషి దక్కడు. వదిన ఆసుపత్రికి చూడ్డానికెళితే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నన్నెవులూ ఎత్తుకెల్లి నీల్లు పొయ్యకుండ సూడు. నా తానం నాను సేసుకోవాల. అదొక్కటి సాలు నాకు."

సరిగ్గా అప్పుడే దిగాడు తాతబాబు మావయ్య. బాబాయి భార్య బంగారమ్మ పిన్నికి సొంత అన్న, మా ఊరి తెలుగు సంఘానికి పెద్ద. టైల్స్ పని తన అల్లుడు ఉదయ్‌కే ఇవ్వాలన్నాడు.

"ఆడు సేసిన పాత బాత్రూమొకటి సూపించు మావయ్యా" అంది వదిన.

మావయ్య మొహం మాడిపోయింది. "ఏటి? మనోడికి పరీచ్చ పెడతావేటి? ఇక్కడ తెలుగోల్లం ఉన్నదే గుప్పెడు మందిమి. మనల్ని మనమే నమ్మకపోతే ఎలగ లా?" అన్నాడు, ఇక్కడి మలేసియావాళ్లు మాట చివర తగిలించే 'లా' కలిపి.

మావాళ్లలో ఇదొక జబ్బు. చుట్టం పని చూపించమంటే వాణ్ణి దొంగ అన్నట్టే లెక్క. బంగారమ్మ పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా అన్న మాట తీసెయ్యకే ఇందిరా. రేపు మంచికైనా సెడ్డకైనా ఆడే కదా రావాల." వదిన ఆ కన్నీళ్లకు లొంగిపోయింది.

ఉదయ్ పని ముగించాడు. టైల్స్ తళతళా మెరుస్తున్నాయి. వదిన బకెట్ కుమ్మరించింది. నీళ్లు తూము వైపు పోవడం మానేసి గుమ్మం వైపు నడిచొచ్చాయి. కొన్ని సరిగ్గా స్టూలు పెట్టేచోట మడుగు కట్టాయి.

"కూసింత నీల్లే కదా అక్కా, తుడుసుకోవచ్చు లా" అని ఉదయ్ బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

తుడుచుకోవాలట! ఒంటికాలి మనిషి వంగి నేల తుడుచుకోవాలట! మావయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ వారంలోనే బాబాయిని ఇంటికి పంపిస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. ఇద్దరం మావయ్య ఇంటి మీదికి వెళ్లాం.

మావయ్య సోఫాలో కూర్చుని సంఘం వార్షికోత్సవం సంగతి ఎత్తుకున్నాడు. ఆయన భార్య మరిడమ్మత్త టీ ఇచ్చింది. వదిన కోపం దిగమింగి టీ తాగి, అలవాటు కొద్దీ బాత్రూమడిగింది. లోపలి నుంచి బకెట్ కుమ్మరించిన చప్పుడు. కాసేపటికి నన్ను పిలిచింది. చూద్దును కదా, చుక్క నిలవకుండా నీళ్లన్నీ తూములోకి పోయాయి.

"అత్తా, ఈ టైల్సు ఎవులేసినారు?"

"పక్కూరు జెంజరోమ్ నుంచొచ్చినాడమ్మా, పకీరిసామని. ఉదయ్ సేత్తానన్నాడు గాని మీ మావయ్యే ఒద్దన్నారు. అల్లుడి పని సుద్ద దండగ, మనింట్లో ఎట్టకూడదన్నారు." పాపం ఆవిడకేం తెలీదు, నవ్వుతూనే చెప్పింది.

వదిన గిరుక్కున తిరిగి హాల్లోకి నడిచింది.

"నీ ఇంటికి పనికిరానోడు ఒంటికాలి మనిసింటికి ఎలగ పనికొచ్చినాడు మావయ్యా?"

"అది కాదే... ఆడికి పనుల్లేవు. మా అమ్మాయి ఒకటే ఏడుపు..."

"నీ కూతురి ఏడుపు ఆగడానికి నీ సెల్లెలి మొగుడు జారిపడాలేటి?" వదిన గొంతుకి వీధిలో వాళ్లు తొంగిచూశారు. చూడనీ అనుకున్నాను. "అత్తా, ఆ పకీరిసామి నంబరియ్యి."

పకీరిసామికి వేరే పరీక్ష అక్కర్లేకపోయింది. మర్నాడే వచ్చాడు. ఉదయ్ వేసిన మొదటి టైలు వదినే సుత్తితో బద్దలుకొట్టింది. రెండోది నేను కొట్టాను. చాలా హాయిగా అనిపించింది.

బాబాయి ఇంటికొచ్చిన రోజు మావయ్య కూడా నారింజపళ్లు పట్టుకుని వచ్చి హాల్లో నిలబడ్డాడు. బాబాయి కుర్చీ తోసుకుంటూ నేరుగా బాత్రూములోకి పోయాడు. పిన్ని వెంటపడితే "ఎవులూ రావద్దు" అని లోపల గడియ పెట్టుకున్నాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు.

తడితలతో బయటికొచ్చి, మావయ్యను చూసి బాబాయి చేతులు జోడించాడు. "బావా, నీ అల్లుడు బంగారం. సుక్క నీరు నిలవనేదు."

మావయ్య అవుననబోయాడు. వదిన ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"సెప్పు మావయ్యా. ఎవులేసినారో నీ నోటితో సెప్పు."

మావయ్య నారింజపళ్ల సంచీ కింద పెట్టాడు.

"నా అల్లుడు కాదు బావా" అన్నాడు చివరికి. "మా ఇంట్లో ఏసినోడు."

బాబాయి జోడించిన చేతులు మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు.