అమ్మ ఎత్తింది... నేను అందుకోలేదు

మా చిన్నతనంలో కోడేరు వైపు పల్లి చేలల్లో కలుపు తీసేటప్పుడు మొదటి గొంతు అమ్మదే... ఒక చరణం ఆమె 'ఎత్తుతుంది'. సాలు పట్టి వంగి ఉన్న ఆడవాళ్లంతా తర్వాతి చరణం 'అందుకుంటారు'. పాట సాగినంత సేపూ నడుము నొప్పి తెలిసేది కాదట.

నాకు మాత్రం ఆ పాటలంటే చచ్చేంత సిగ్గు. హైస్కూలు పిల్లను కదా... రేడియోలో వచ్చే సినిమా పాటలు నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. బడికి పోయే దారిలో అమ్మ గొంతు వినబడితే, అదెవరో తెలియనట్టు తల వంచుకుని గబగబా నడిచేదాన్ని.

నాన్న పూణే దగ్గర కాలువ తవ్వే పనిలో ఉండేవాడు. ఒకసారి వచ్చినప్పుడు ఇంటికి టేప్ రికార్డర్ తెచ్చాడు. తర్వాత ఒక ఆదివారం, ఆయనతో పనిచేసే మా ఊరాయన కబురు తెచ్చాడు...

"నీ పాట ఒకటి క్యాసెట్ల పట్టి పంపమన్నడు చెల్లె. పగటి బస్సుకు నేను పోతున్న."

తోటి ఆడవాళ్లంతా చేలకు పోయారు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. అమ్మ టేపు ముందు కూర్చుని నన్ను పిలిచింది.

"నేను ఎత్తుత... నువ్వు అందుకో బిడ్డా."

"నాకు రాదు పో. గవి కూలోళ్ల పాటలు... నేను పాడ."

బటన్ మాత్రం నొక్కి పెట్టాను. అమ్మ ఒక్కతే పాడింది.

ఆ ఎండాకాలమే మట్టిపెళ్లలు విరిగి పడి నాన్న పోయాడు. ఆయన బట్టల సంచిలో ఆ క్యాసెట్ తిరిగొచ్చింది. అమ్మ దాన్ని సందూక పెట్టె అడుగున పెట్టేసింది. మళ్లీ ఏ చేనులోనూ పాట ఎత్తలేదు. ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు.

పోయినేడు అమ్మ కూడా పోయింది. సందూక సర్దుతుంటే క్యాసెట్ దొరికింది. నాగర్‌కర్నూల్లో ఒక దుకాణం వాళ్లు దాన్ని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చారు. నలభై దాటాక... మొదటిసారి అమ్మ పాట చెవి పెట్టి విన్నాను.

ఎంత బాగా పాడేదో మా అమ్మ... నాకు తెలియనే తెలియదు.

'ఏ ఊరి మన్ను మోస్తున్నవో... నీ ఎండకు నీడెవరు పడుతున్నరో...' అని ఎత్తి ఆగుతుంది. టేపు తిరిగే గరగర. 'ఆకలైతే ఎవరి దిక్కు జూస్తున్నవో...' మళ్లీ ఆగుతుంది. ప్రతిసారీ సరిగ్గా ఒక చరణమంత ఖాళీ. ఇప్పుడైనా నేను అందుకుంటానని చూసిందేమో. మధ్యలో ఒకసారి మెల్లగా "అందుకో బిడ్డా" అంటుంది. నా దగ్గు వినిపిస్తుంది, అంతే.

ఆ ఖాళీల్లో ఉండాల్సిన చరణాలు ఎలాగైనా దొరకాలనిపించింది. ఏళ్ల తరబడి అమ్మ పక్క సాలులో అందుకున్న యాదమ్మ పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈ పాట మా చేన్ల ఎన్నడు పాడలే బిడ్డా... గప్పుడే కట్టింది."

"మరి అందుకునే చరణాలు ఏంది పెద్దమ్మా?"

"గవి ముందుగాల యాడుంటయి? ఎత్తినామె మొకం జూసి అప్పటికప్పుడు కట్టుకునేదే. ఆ దినం నువ్వేమంటే గదే పాట."

అంటే వెతకడానికి ఎక్కడా ఏమీ లేదు. ఇంటికొచ్చి, ఫోను ముందు పెట్టుకుని అందుకోబోయాను. అమ్మ ఎత్తింది, ఆగింది... నాకు ఒక్క మాటా రాలేదు.

ఇప్పుడు మా వైపు చేలకు గడ్డిమందు కొడుతున్నారు. కలుపు తీసే గుంపులూ లేవు, పాటలూ లేవు... మీ ఇంట్లో పాట ఎత్తే మనిషి ఇంకా ఉంటే, సిగ్గుపడకుండా పక్కన కూర్చుని అందుకోండి. వచ్చీ రాని మాటైనా సరే. మీకు గుర్తున్న పాట ఒకటి కింద రాయండి, పూర్తిగా రాయండి... నా దగ్గర సగమే ఉంది.