మాస్టారి వైపు బ్రేకు

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆయనకో పేరుండే ఉంటుంది గానీ, అది ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. నేర్పే కారులో మాస్టారు కూర్చునే వైపు కూడా ఓ బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే ఆపడానికి. మామూలు మాస్టార్లు తప్పు జరిగేటప్పుడు తొక్కుతారు. ఈయన తప్పు ఊహలోకి వచ్చిన మరుక్షణమే తొక్కేసేవాడు. వంద గజాల అవతల కుక్క తోక ఊపినా కారు ఆగిపోవాల్సిందే. ఆపైన సణుగుడు.

"అది అడ్డంగా వస్తే? నువ్వు పక్కకి తిప్పితే? అటునుంచి లారీ వస్తే?"

కుక్క రాదు, లారీ అసలే రాదు. నేర్చుకునేవాడి ఓపిక మాత్రం అక్కడే చచ్చేది.

ఇరవై రెండేళ్ళలో తన కారుకి ఒక్క గీత పడలేదని ఆయన తెగ మురిసిపోయేవాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగంమందికి బ్రేకు ఎప్పుడు తొక్కాలో తెలీదన్న సంగతి మాత్రం పైకి చెప్పేవాడు కాదు. ఎలా తెలుస్తుంది, ఆయన తొక్కనిస్తేగా!

ఇంట్లోనూ ఇదే గోల. భార్య బాత్రూములో పది నిమిషాలు దాటితే తలుపు బాదేవాడు. "ఏదో ఒకరోజు నిజంగానే జారిపడతాను, అప్పటికైనా నీ మనసు కుదుటపడుతుంది," అని ఆవిడ లోపల్నుంచే కసిరేది.

కూతురు కసురుళ్ళతో సరిపెట్టుకునే రకం కాదు. ఆమెకి లైసెన్సు కావాలి. పోయిపోయి తండ్రి దగ్గరే నేర్చుకుంది, ఆ ఒక్క తప్పూ ఆమెదే. పరీక్షలో అధికారి వెనక సీట్లో కూర్చుంటాడు, మాస్టారు ముందు. మాస్టారి బ్రేకు మీద కాలు పడితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగితే ఫెయిలు, అరిచి గీపెట్టినా లాభం లేదు. మొదటిసారి మలుపులో వెలిగింది. కాలు జారిందన్నాడు. రెండోసారి గేటు దాటకముందే వెలిగింది.

ఆ రోజునుంచి ఆమె తండ్రితో మాట్లాడటం మానేసింది. ఆయన ఎదురుగా ఉన్నా తల్లితోనే అనేది: "అమ్మా, తాళాలెక్కడ పెట్టాడో ఆ మాస్టారిని అడుగు." కన్నకూతురి నోట నాన్న పోయి మాస్టారు వచ్చినందుకు ఆయన లోలోపల కుమిలిపోయేవాడు. ఇలా నెల దాటింది.

మూడో పరీక్ష రోజు పొద్దున ఆమె గుమ్మంలో చెప్పులేసుకుంటూ తల్లికేసి తిరిగింది.

"ఇవాళ కూడా దీపం వెలిగిందంటే ఈయన నాకు జన్మంతా మాస్టారే అని చెప్పు."

"విన్నాలే," అన్నాడాయన.

"నీతో కాదు!"

పరీక్షలో కారు కదలగానే ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదికి పాకింది. దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి లాగాడు. రెండు కాళ్ళూ మడిచి సీటు మీద మఠం వేసుకున్నాడు.

"ఇదేమన్నా మీ ఇంటి మంచమా?" అన్నాడు అధికారి వెనకనుంచి.

"మోకాళ్ళ నొప్పులండి."

మలుపులో గోడకి కొట్టేస్తుందనుకున్నాడు. కొట్టలేదు. ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు వెనక బండి మీదికి జారిపోతుందనుకున్నాడు. జారలేదు గానీ ఈయన చొక్కా తడిసి ముద్దయింది. ఆపు అన్న మాట పళ్ళదాకా వచ్చింది, మింగేశాడు. ఇక మిగిలింది కారుని వెనక్కి తీసుకెళ్ళి రెండు స్తంభాల మధ్య నిలపడం. ఆమె స్టీరింగు కాస్త ఎక్కువ తిప్పింది. ఇది ఊహ కాదు, నిజంగానే తగలబోతోందని ఆయనకి తెలిసిపోయింది. కాలు కిందికి దించడానికి కావలసినంత సమయం ఉంది. రెండు చేతులతో మడమలు గట్టిగా పట్టుకున్నాడు.

ఠప్పుమంది.

"ఫెయిలు. దిగండి," అన్నాడు అధికారి.

వెనక బంపర్‌కి అరచేతిలో సగమంత సొట్ట. స్తంభానికి ఏమీ కాలేదు, మనుషులకి అసలే ఏమీ కాలేదు. ఇన్నేళ్ళూ తను వణికి చచ్చింది ఈ చప్పుడికా అనుకునేసరికి మాస్టారికి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

కూతురు ఆయన మీదికి గయ్యిమని లేచింది. "తగులుతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి తొక్కలేదేం?"

"నడిపేది నువ్వు కదే."

ఆమె ముక్కుపుటాలదిరాయి. ఆ విసురంతా బంపర్ మీద ఓ తన్నుతో తీర్చుకుంది. విసవిసా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, తలుపు ధడాలున వేసుకుంది. ఆయన అక్కడే నిలబడిపోయాడు.

"మళ్ళీ పరీక్ష ఎప్పుడో కనుక్కోవాలి, బోలెడు పనుంది. ఎక్కుతావా నాన్నా, నడిచొస్తావా?" అని కిటికీలోంచి అరిచింది.

తిట్టినట్టే ఉంది. ఆయన పరుగెత్తాడు.