నేను తెప్పించిన కటింగ్ ఆర్డర్లు

ఒక అభ్యర్థికి అతని సొంత ఊళ్లోనే ఓట్లు పడకుండా చేయాలంటే ప్రత్యర్థుల వల్ల అయ్యే పని కాదు. నాలాంటి ఆప్తుడొకడు పూనుకోవాలి. అరవయ్యేడు ఎన్నికల్లో ఆ పని నేను దిగ్విజయంగా పూర్తి చేశాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆలస్యంగానైనా నేనూ నవ్వుకున్నాను.

పోలింగు రోజు పొద్దున. మంచు విడలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన చెరుకు బండ్ల వరుస రోడ్డు మీదుగా వెళ్లి మంచులో కరిగిపోయింది. దాని చివర భూమ్మీదే ఉందో, ఆకాశంలోకి ఎక్కిపోయిందో తెలియదు. ఆ వరుసలో ఒక బండి, బండి మీద చెరుకు, చెరుకు మీద గొంగడి కప్పుకుని బీడీ కాలుస్తున్న మనిషి. ఆయనే శాసనసభకు పోటీ చేస్తున్న మా స్వతంత్ర అభ్యర్థి సాయన్న.

నేను సైకిలు దిగడం కూడా మరిచి అరిచాను. "అన్నా! ఇయ్యాల పోలింగు!"

"ఎర్కే తమ్మీ."

"మరి నువ్వీడ కూసున్నవేంది? ఊరోళ్లేరి?"

సాయన్న బీడీతో వెనక్కి చూపించాడు. "గా ఎర్ర ఎడ్లు మా చిన్నాయినయి. దాని ఎన్క సర్పంచుది. దాని ఎన్క పండుకోని గుర్రుకొడుతున్నోడు నా ఎలచ్చన్ ఏజెంటు."

నా కాళ్ల కింది నుంచి సైకిలు దానంతటదే పక్కకు ఒరిగింది.

కథ ఇంతవరకు ఎలా వచ్చిందో చెప్పాలి. అప్పట్లో నాకు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాదు పత్రికకు నిజామాబాదు నుంచి వార్తలు రాసేవాణ్ణి. కళ్లు తెరిచి కలలు కనడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. బోధన్ అవతల ఒక సేఠ్‌గారి ఫ్యాక్టరీ ఉండేది. పేరెందుకు గానీ, ఊళ్లోవాళ్లు కూడా 'సేఠ్ మిల్లు' అనే అనేవారు. గానుగ ఆడే రోజుల్లో ఆ చుట్టుపక్కల గాలి సగం పాకంలా ఉండేది. పది నిమిషాలు పీలిస్తే ఎంతటి కోపిష్ఠికైనా లోకం మీద జాలి పుట్టి, కునుకు పట్టేది.

ఆ ఫ్యాక్టరీకి ఆరు మైళ్ల దూరంలో సాయన్న ఊరు ఎర్రగుంట. అక్కడి రైతులకు దేవుడి తర్వాత దిక్కు కటింగ్ ఆర్డరు. చెరుకు ఎప్పుడు కొట్టాలో, ఏ రోజు గేటు ముందు బండి నిలపాలో ఫ్యాక్టరీ చీటీ రాసి ఇస్తుంది. చీటీ రాకపోతే చెరుకు చేనులోనే ఎండి పొయ్యిలోకి పనికొస్తుంది. చీటీ వచ్చాక ఆ రోజు పోకపోతే పేరు జాబితా చివరికి పోతుంది. జాబితా చివర అంటే నడి ఎండాకాలం.

ఆ ఏడు పక్క ఊళ్లన్నిటికీ చీటీలు వచ్చాయి, ఎర్రగుంటకు రాలేదు. ఓట్ల కోసం ఇద్దరు వచ్చారు. ఒకరు పాలిస్తున్న పార్టీ, ఇంకొకరు పాలించాలనుకుంటున్న పార్టీ. ఇద్దరూ చీటీలు ఇప్పిస్తామన్నారు. ఇద్దరూ దిగింది ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్‌లోనే. ఇద్దరూ వచ్చింది ఫ్యాక్టరీ జీపుల్లోనే. జెండాలు వేరు, అంతే.

"పొద్దుగాల ఒగడు, మాపటికి ఒగడు. జీపు దిగినోడు మారిండు గని జీపు మారలే. ఎవనికేసినా సేఠుకే పడుతది," అన్నాడు సాయన్న, ఎండిన చెరుకు ఆకును వేళ్లతో నలుపుతూ.

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

"మరి మూడో మనిషిని నిలబెట్టరాదె?"

"ఎవర్ని?"

"నిన్నే!"

నామినేషను కాగితాలు నేనే నింపాను. గుర్తుల్లో తక్కెడ ఉంది. న్యాయానికి చిహ్నం కదా అన్నాను. "అద్దు తమ్మీ, ఫ్యాక్టరీ కాంటా యాదికస్తది," అన్నాడు సాయన్న. చివరికి నిచ్చెన తీసుకున్నాం. ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. మొత్తం నియోజకవర్గం గెలుస్తామని ఎవరూ అనుకోలేదు, నేను తప్ప. ఎర్రగుంట పెట్టెలో ఓట్లన్నీ నిచ్చెనకే పడితే, ఈ ఊరు ఎవరి జేబులోనూ లేదని సేఠ్‌కు తెలుస్తుంది. సాయన్న అడిగింది అంతే.

దానికి బలం చేకూర్చాలని నేనొక వార్త రాశాను. 'ఎర్రగుంట చెరుకు ఎండుతోంది' అని శీర్షిక. పోలింగుకు నాలుగు రోజుల ముందు అచ్చయింది. రెండు రోజులకు బోధన్ బస్టాండులో ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్ హమీద్ సాబ్ ఎదురుపడి నన్ను కావలించుకున్నాడు.

"క్యా లిఖే సాబ్! మేనేజర్ సాబ్ గడబడ అయిపోయిండు. ఎర్రగుంటకు ఆర్డర్లు రాస్తున్రు. ఊరు ఊరంతటికి, ఒక్కటేసారి!"

నేను గాల్లో తేలాను. ఎవరు రాయమన్నారు, ఎందరికి, ఎక్కడ ఇస్తారు, ఎందుకు ఇన్నాళ్లు ఆపారు అని విలేఖరి అడగాల్సినవన్నీ అడిగాను. ఆయనకు చాయ్ తాగించాను. అంతటితో ఆగక 'మా వార్తకు స్పందన' అని మరో వార్త కూడా పంపాను. నేను అడగడం మరిచిపోయింది ఒక్కటే: ఏ తారీఖుకు?

మళ్లీ పోలింగు రోజు పొద్దుటికి వద్దాం.

"అన్నా, నా సైకిలు తీస్కో. ఓటేసి రా, బండి నేను సూస్త," అన్నాను.

"కాంటా కాడ నా ఏలుముద్ర గావాలె. నీ ఏలు పెడ్తనంటే ఊకుంటరా?"

"ఆడోళ్లన్న ఏస్తరా?"

"రేపటి బండ్లకు చెరుకు కొడుతున్రు. పొద్దుమీకేదాంక చేన్లనే."

వెనక బండి మీద నుంచి వెంకటరత్నంగారు తల ఎత్తారు. కాలువ కింద భూములు కొని కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రైతు. ఎంత కోపంలోనైనా మర్యాద తప్పరు. "ఏవండీ విలేఖరి గారూ, మీ వార్త చాలా బాగుందండీ. ఒక్క నాలుగు రోజులు ఆగి రాస్తే ఇంకా బాగుండేదండీ."

ఇక చేసేదేమీ లేక నేనూ బండెక్కి సాయన్న పక్కన కూర్చున్నాను. ఫ్యాక్టరీ పొగ మంచులో కలిసి తియ్యగా మీదికి దిగుతోంది. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. నా కళ్లు మూతలు పడ్డాయి. సాయన్న ఇదే బండి మీద శాసనసభకు వెళ్తున్నాడు. మంత్రులు లేచి దారి ఇస్తున్నారు. ఎడ్లు స్పీకరుగారి బల్ల మీది కాగితాలు నములుతున్నాయి, ఆయన మందలించడం లేదు.

"తమ్మీ, అసెంబ్లీల గూడ గిట్లనే లైనుంటదా?" అని సాయన్న అడిగింది కలలోనో, బయటో చెప్పలేను.

"ఉంటది గావచ్చన్నా."

"అయితే ఈడనే నయం. ముంగటికి జరుగుతది."

మధ్యాహ్నం ఎర్రగుంట వెళ్లాను. పోలింగు బూతు ముందు రెండు జీపులు ముసలివాళ్లను దించుతున్నాయి. సాయన్న తల్లి రాజవ్వ వేలి మీది సిరా చూసుకుంటూ బయటికి వచ్చింది.

"ఓటు కొడుక్కే ఏసినవా అవ్వా?"

"ఎట్లేస్త బిడ్డా? గంత మంచిగ జీపు ఎక్కిచ్చుకోని తెచ్చిండు. ఆయన సూపిచ్చిన గుర్తుకే ఏసిన. మర్యాద గాదా?"

"ఆయనది ఏ జెండా?"

"గది సూడలే. జీపు మాత్రం ఫ్యాక్టరీదే."

లెక్కింపులో ఎర్రగుంట పెట్టె తెరిచారు. నిచ్చెనకు ఒక్క ఓటు. గెలిచిన ఆయన ధన్యవాదాలు చెప్పడానికి ఊరికి వచ్చాడు, అదే జీపులో. నేను తలవంచుకుని సాయన్న ఇంటికి వెళ్తే ఆయన నవ్వాడు.

"నువ్వు నన్ను ఓడగొట్టలే తమ్మీ. చెరుకు ఫ్యాక్టరీకి పోయింది, అప్పు కింద అమ్మకుంట నా ఎడ్లు బతికినయి. ఈ ఏడు ఓటు ఇచ్చి చీటీ తెచ్చుకున్నం. అచ్చే ఏడు ఏమిచ్చి తెచ్చుకుంటమో గదే సమజైతలేదు."

మరుసటి ఏడు ఎన్నికలు లేవు. ఎర్రగుంటకు చీటీలు ఉగాది దాటాక వచ్చాయి. నేను మళ్లీ వార్త రాశాను. మేనేజర్‌గారు చదివినట్టు లేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, నా కలం మీద, సైకిలు మీద, హమీద్ సాబ్‌కు తాగించిన చాయ్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. పోలింగు ఇక వారం ఉందనగా నా వార్త వల్ల ఎవరికైనా మేలు జరుగుతుందని తెలిస్తే, ఆ కాగితం అక్కడే చించేస్తాను.

ఆ ఒక్క ఓటు ఎవరిదో మాత్రం తేలలేదు. సాయన్నది కాదు, ఆయన ఆ రోజు కాంటా దాటేసరికి పొద్దుగూకింది. రాజవ్వది కాదు. ఇన్నేళ్లలో ఎర్రగుంటవాళ్లు పందొమ్మిది మంది వేరువేరుగా నన్ను పక్కకు పిలిచి, అది తమదేనని చెప్పారు.