హ్యాండోవర్ లేని ఓటు

శనివారం మధ్యాహ్నం రెండు నలభైకి కరెంటు పోయింది. ముందు ఏసీ ఆగింది, తర్వాత ఫ్రిజ్. సెప్టెంబరు ఆఖరైనా కువైట్‌లో ఎండ ఇంకా తగ్గలేదు. ఆ వేసవిలో ఒక్కో పేటకి ఒక్కో వేళ కరెంటు తీశారు కాబట్టి మాకు ఉక్క అలవాటే. ఇది మాత్రం కోత కాదు. ఎగైలాలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పాడైందని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద అమెరికా అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ ఉంది. పక్కన నల్ల పెన్ను, కవరు. పొద్దున్నుంచీ ఆ పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. లేచి కిటికీ దాకా వెళ్తోంది, మళ్ళీ వచ్చి కూర్చుంటోంది.

పెళ్ళైన కొత్తలో మా వారు ఒక ప్రాజెక్టు మీద రెండేళ్ళు అమెరికాలో ఉన్నారు. అమ్మాయి అక్కడే పుట్టింది. తనకి నడక రాకముందే కువైట్ వచ్చేశాం. ఆయన ఇక్కడ రిఫైనరీలో షిఫ్ట్ ఇంజినీరు, నేను ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. అమ్మాయికి ఆ దేశం గురించి ఒక్క జ్ఞాపకం కూడా లేదు. పాస్‌పోర్టు ఉంది, దాని వల్ల ఓటు ఉంది. అక్కడ మేము ఆఖరున అద్దెకున్న ఇంటి చిరునామా మీద ఆ ఓటు నమోదైంది. ఆ ఇల్లు ఇప్పుడు ఉందో లేదో తెలియదు. బ్యాలెట్ మెయిల్లో వస్తే ప్రింటు తీసుకుని, గుర్తు పెట్టి, కొరియర్లో పంపాలి. దారిలో ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమని ఆ శనివారమే పంపాలనుకున్నాం.

అప్పటికి మా వారు పోయి ఏడాది కాలేదు.

ఆయన ఎన్నడూ ఓటు వేయలేదు. అక్కడ మాకు ఓటు లేదు, ఇక్కడా లేదు. విజయవాడలో ఉన్న ఓటు వేయాలంటే ఎన్నికల రోజున అక్కడ ఉండాలి, ఒక్కసారీ సెలవు కుదరలేదు. అమ్మాయికి పద్దెనిమిది నిండినప్పుడు ఆయనే కూర్చుని ఓటు నమోదు చేయించారు. "మన ముగ్గురిలో ఓటున్నది దీనికొక్కదానికే. జాగ్రత్తగా వెయ్యాలి" అన్నారు. తన మొదటి అధ్యక్ష ఎన్నిక వచ్చేసరికి ఆయన లేరు.

అమ్మాయి చూసేది ఒక్క విషయమే. చమురు, కరెంటు, గాలి, వేడి, ఇవన్నీ కలిపి తనకి ఒకటే విషయం. ఒక అభ్యర్థి చమురు, గ్యాసు ఇంకా తోడతామని, అడ్డున్న నియమాలు తీసేస్తామని, ఇంధనం చవకవుతుందని అంటున్నారు. ఇంకొకరు సోలార్, బ్యాటరీ కార్లు, గాలిమరలు అంటున్నారు, తవ్వకాలు మాత్రం ఆపబోమని పక్కనే చెప్తున్నారు. అమ్మాయి ఇద్దరి ప్రసంగాలూ విన్నది. ఎటు మొగ్గాలో తనకి చాలావరకు తెలుసు. పెన్ను కదలకపోవడానికి కారణం వేరే ఉంది.

"అమ్మా, నాన్నకి వ్యతిరేకంగా వేస్తున్నానేమో అని భయంగా ఉంది" అంది. "నా ఫీజు, ఈ ఫ్లాటు, అన్నీ ఆయిల్ డబ్బే కదా. నాన్న అయితే ఎవరికి వేసేవాడు? నిజంగా చెప్పు."

ఆయన ఉంటే ఈ ప్రశ్నకి ఒక పద్ధతి ఉండేది.

రిఫైనరీలో షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ అని ఒకటుంటుంది. దిగే ఇంజినీరు ఏ పంపు ఆగింది, ఏ వాల్వు మూశారు, ఎక్కడ మరమ్మతు జరుగుతోంది అన్నీ చెప్తాడు. ఎక్కే ఇంజినీరు "సరే, విన్నాను" అంటే చాలదు. విన్నదంతా తన నోటితో తిరిగి చెప్పాలి. "అవును, నేను చెప్పింది ఇదే" అని మొదటివాడు ఒప్పుకున్నాకే ఇంటికి వెళ్ళాలి. ఆయన ఈ పద్ధతిని ఇంటికి తెచ్చారు. మా ఇంట్లో ఎవరైనా ఎదురు మాట్లాడాలంటే ముందు అవతలివాళ్ళ మాట తిరిగి చెప్పాలి. కూర బాలేదన్నా, ఉద్యోగం మానేస్తానన్నా ఇదే పద్ధతి.

అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు భోజనాల దగ్గర ప్రపంచంలో రిఫైనరీలన్నీ మూసెయ్యాలని ప్రకటించింది. ఆయన ముద్ద పక్కన పెట్టారు.

"అంటే రేపు మా రిఫైనరీ మూసెయ్యాలి. ఎల్లుండి నుంచి నేను ఇంట్లో అంట్లు తోమాలి. ఇదేనా నువ్వన్నది?"

"అంట్లు నేననలేదు!"

"సరే, అంట్లు తీసేస్తున్నా. మళ్ళీ చెప్తాను, విను."

"తీసెయ్యక్కర్లేదు, అది మాత్రం నేనంటున్నా" అన్నాను నేను వంటింట్లోంచి.

ఆ రోజు తన వాదనంతా ఆయన తు.చ. తప్పకుండా చెప్పారు. కోపం లేకుండా, వెక్కిరింత లేకుండా చెప్పారు. విన్నవాళ్ళెవరైనా ఆ మాటలు ఆయనవే అనుకుంటారు.

ఇప్పుడు అమ్మాయి నన్ను అడుగుతున్నది ఆయన చోట నిలబడి చెప్పమని. అప్పుడే తలుపు తట్టారు. ఇంటి ఓనరు కుటుంబం కింద ఉంటుంది. వాళ్ళింట్లో పనిచేసే ఆమెది అన్నమయ్య జిల్లా. నా వయసే ఉంటుంది. యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని అంటుంది.

"టీచరమ్మా, మీకూ పోయిందా? మా మామా చూసి రాపో అన్యాది. మీకుండి మాకు లేకపోతే ఆయమ్మ ఊరుకోదు."

"మాకూ లేదు, చూడు."

"హమ్మయ్య" అంది. లోపలికి వచ్చి బల్ల మీదికి తొంగి చూసింది. "ఏందది పాపా, పరీచ్చా?"

"ఓటు ఆంటీ. అమెరికా ప్రెసిడెంటుకి."

"ఈడ కూసోనా?" నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "మా ఊర్లో సర్పంచి ఓటే నాకు ఎయ్యనీకి కాలేదు. ఈ పిల్లను చూడబ్బా, అమెరికాకే ఏస్తాంది! ఏమిస్తామంటాండారు వాళ్ళు?"

"ఒకరు ఆయిల్ ఇంకా తోడతామంటున్నారు. ఇంకొకరు మెల్లగా తగ్గిద్దామంటున్నారు. అదీ గట్టిగా అనట్లేదు."

"తగ్గిస్తే ఈడ మా బాబా జీతం తగ్గదా? అప్పుడు ముందు ఖలాస్ అయ్యేది నేనే. డ్రైవరును తియ్యరు, కార్లుండాయి గదా."

"అంత తొందరగా ఏం కాదు ఆంటీ."

"కాదులే, నీకు చెప్పి చేస్తారు!" తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "యల్లా, కానియ్యి, బిర్నా తేల్చుకో. చెమటకు ఆ కాగితం తడిసిందంటే ఇద్దరూ ఓడిపోతారు."

ఆమె వెళ్ళాక అమ్మాయి బ్యాలెట్‌ను కాస్త దూరంగా జరిపి, మోచేతులు తుడుచుకుంది. కిటికీ తెరిస్తే వేడి, మూస్తే ఉక్క. తెరిచే ఉంచాం. గాలి దక్షిణం నుంచి వీచినప్పుడు మా ఇంట్లోకి రిఫైనరీ వాసన వస్తుంది. ఆ రోజు వచ్చింది.

కాసేపటికి నేను చెప్పాను. "మీ నాన్న ఒకసారి మేడ మీద నిలబడి, 'ఆ రిఫైనరీ గ్యాసు మంటలు చూస్తే నాకు సిగ్గేస్తుంది, ఊరికే ఆకాశంలో తగలబెడుతున్నాం' అన్నారు. నాకు బాగా గుర్తు. దాన్నిబట్టి చూస్తే రెండో వాళ్ళకే వేసేవారేమో."

అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"అమ్మా, అది నాన్న మాట కాదు. నా మాట. టెన్త్‌లో ఉన్నప్పుడు మేడ మీద నేనే అన్నాను. సిగ్గేస్తుంది అని కూడా నేనే అన్నాను. నాన్న తిరిగి చెప్పాడంతే. నువ్వు బట్టలు తీసుకుని అప్పుడే పైకొచ్చావు."

ఆ వాక్యాన్ని ఆయన పోయినప్పటినుంచీ ఆయనదిగానే దాచుకున్నాను. ఇద్దరు ముగ్గురు బంధువులకి ఫోనులో చెప్పాను కూడా.

"నాకు గుర్తున్నది వేరే" అంది తను. "'ఆయిల్ జీతంతో పెరిగినవాళ్ళకి ఆయిల్ మానెయ్యమనే హక్కు లేదు' అన్నాడు నాన్న. ఆ మాట తలుచుకునే నేను పొద్దున్నుంచీ ఇలా..."

ఈసారి గుర్తుపట్టడం నా వంతైంది. ఆ మాట నాది. ఒక శుక్రవారం తను కారెక్కనని, ఫహాహీల్ బజారు దాకా బస్సులోనే వస్తానని మొండికేసింది. నాకు ఒళ్ళు మండి వంటింట్లో ఆయనతో అన్న మాట అది. ఆయన దాన్ని నాకు తిరిగి చెప్పారు, ఎప్పటిలాగే కోపం లేకుండా. గోడ అవతల అమ్మాయి విన్నది ఆయన గొంతునే.

ఆ సంగతి చెప్పాను. తను లేచి కిటికీ మూసింది, తెరిచింది.

"అయితే నాన్న ఏమనుకునేవాడు?"

"తెలియదు."

"అస్సలు?"

వెతికాం. అలా కూర్చుని, అట్టముక్కలతో విసురుకుంటూ, ఆయన చమురు గురించి అన్న మాటలు ఒక్కొక్కటీ తీశాం. ఒకటి తన చిన్నప్పటి మాట. ఒకటి నేను పుస్తకంలో చదివి చెప్పింది. ఇంకొకటి ఎవరిదో ఇద్దరికీ తేలలేదు. నాకు స్థిమితం లేకుండా పోయింది. చమురు సంగతి సరే, మిగతావి ఏమిటి? నేను మంచిదాన్నని, ఈ ఊరు నచ్చిందని, పిల్ల చాలు మనకని ఆయన అన్నవి కూడా నా మాటలేనా? ఆ ప్రశ్న అమ్మాయికి చెప్పలేదు. లేచి ఫ్రిజ్ తలుపు తీశాను. తియ్యకూడదని గుర్తొచ్చి మూశాను.

"ఒకటి మాత్రం నాన్నదే" అంది వెనక నుంచి. "ముందు చెడిపోయింది చెప్పు, నడుస్తున్నది ఎలాగూ నడుస్తుంది."

అది ఆయనదే. హ్యాండోవర్ మొదలుపెట్టే మాట అది. అలా అనడం మా ఇద్దరికీ చేతకాదు.

అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. ఇద్దరు అభ్యర్థుల గురించి చెడిపోయినదే చెప్పడం మొదలుపెట్టింది. నాతో కాదు, బల్లతో చెప్తున్నట్టు చెప్పింది. ఒకరి లెక్కలో వేడి అనేదే లేదు. తనకి నా వయసు వచ్చేసరికి ఈ ఊళ్ళో జూలైలో బయట పనిచేసేవాళ్ళ గతేమిటో ఆ లెక్క చెప్పదు. ఇంకొకరు జబ్బు పేరు చెప్తారు గానీ మందు చేదంటే వెంటనే వెనక్కి తీసుకుంటారు. ఇద్దరిలో ఎవరు గెలిచినా గెలిపించేది చవక పెట్రోలు కావాలనే జనమే. కింద ఆంటీ గురించి ఇద్దరికీ తెలియదు. "ఇందులో ఏ లోపాన్ని నేను భరించగలను? నేను, నాన్న కాదు" అంది. నన్ను జవాబు అడగలేదు. బ్యాలెట్, పెన్ను తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కరెంటు వచ్చింది. ఏసీ మొదట దడదడలాడి తర్వాత కుదుటపడింది. కింద నుంచి ఎవరో గట్టిగా దేవుడికి కృతజ్ఞత చెప్పారు. అమ్మాయి అంటించిన కవరుతో బయటికి వచ్చింది.

సాయంత్రం కారులో వెళ్ళి కొరియర్ వాళ్ళకి కవరు ఇచ్చాం. కౌంటర్లో అబ్బాయి దాన్ని ఒక ట్రేలో వేశాడు. తను ఆ ట్రే వంక కాసేపు చూసింది.

తిరిగి వస్తుండగా సిగ్నల్ దగ్గర ఆగాం. దూరంగా రిఫైనరీ మంట కనిపిస్తోంది.

"వేశానమ్మా" అంది. "నాన్నకి నచ్చేదో కాదో తెలీకుండానే వేశాను."

ఎవరికని నేను అడగలేదు. తను నా వైపు తిరిగి ఎదురుచూసింది. ఎందుకో నాకు తెలుసు. పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆ మాట నేను తిరిగి చెప్పాలి, తను అవును అనాలి. కానీ చెబితే కొన్నాళ్ళకి అది ఎవరి మాటో మళ్ళీ తెలియకుండా పోతుంది. అది తన మాటగానే ఉండాలనిపించింది.

"సరే, విన్నాను" అన్నాను. సిగ్నల్ మారితే కారు ముందుకు పోనిచ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒకరి మాట ఇంకొకరు తిరిగి చెప్పడం లేదు.