అందరి ఇరవై

ఇంటర్ రెండో సంవత్సరంలో నన్ను వణికించింది కెమిస్ట్రీలో టైట్రేషన్ లెక్కలే. ఎంత ఆమ్లం పోస్తే ఫ్లాస్కులోని క్షారం తీరిపోతుందో కొలిచి, దాన్నిబట్టి ఆమ్లం గాఢత కట్టాలి. ఒక సోడియం కార్బనేటుకు రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కావాలి. ఆ రెండును నేను ప్రతిసారీ మింగేసేదాన్ని, జవాబు సగమే వచ్చేది. "మల్ల మరిచినవా?" అని మేడం బోర్డు దగ్గరే నిలబెట్టేది.

మా నాన్న తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసేవాడు. నాకేమో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవాలని. "ఫేలైతే నా ఎంబడి పాలిషింగ్‌కు రావాలె బిడ్డా" అన్నాడు. బెదిరింపు కాదు, ఉన్నమాటే చెప్పాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ప్రాక్టికల్స్ రోజు బ్యూరెట్‌లో, అంటే గీతలున్న గాజు గొట్టంలో, ఆమ్లం నింపాను. కింద ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల కార్బనేటు, రంగు మారడం తెలియడానికి మిథైల్ ఆరెంజ్ చుక్కలు; అవి పడగానే పసుపుపచ్చగా అయింది. మొదటిసారి సరిగ్గా ఇరవై దగ్గర ఎర్రబారింది. ఫ్లాస్కు కడిగే సీసాలో డిస్టిల్డ్ వాటర్ అయిపోతే నల్లా దగ్గర నింపుకున్నాను. ఆ నీళ్లతోనే ఫ్లాస్కు గోడలు ధారాళంగా కడుగుతూ రెండోది మొదలుపెట్టాను.

ఇరవై వచ్చింది. పచ్చగానే ఉంది. ఇరవైన్నర. పచ్చగానే ఉంది. ఇరవై ఒకటి పాయింట్ నాలుగు దగ్గర గానీ రంగు తిరగలేదు. మూడోసారీ అంతే.

మా ల్యాబులో ఒక ఆనవాయితీ ఉండేది. ముందు బల్ల మీద తేలిన అంకె గుసగుసగా వెనక బల్లల దాకా వచ్చేది. దాన్నే అందరం మూడు గడుల్లో ఎక్కించేవాళ్లం. పక్కమ్మాయి నా ముఖం చూసి, "పరేషాన్ గాకే, ఇరవై రాసెయ్. అందరం గదే రాసినం" అంది. గుంపులో గోవిందా అని రాసేశాను. ఆ రోజు రెండును కూడా మరచిపోలేదు. లెక్క ముత్యంలా వచ్చింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా బల్ల దగ్గర ఆగాడు. బ్యూరెట్ చూశాడు, కాగితం చూశాడు. బ్యూరెట్‌లో మట్టం ఇంకా ఇరవై ఒకటి పాయింట్ నాలుగు దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"గీ ఇరవై ఎవరిదమ్మా?"

"అందరిది సార్."

ఆయన నవ్వలేదు. "ఫ్లాస్క్‌ల ఏం నీళ్లు పోసినవ్?"

"నల్లాయి సార్. సీసల అయిపోయినయ్."

"మీ ఇంట్ల గా నీళ్లల్ల కందిపప్పు ఉడుకుతదా?"

"ఉడకది సార్. అమ్మ మంచినీళ్లు తెస్తది."

"మరి? బండలల్లకెళ్లి వచ్చిన బోరు నీళ్లు. గా నీళ్లల్ల ఉన్న సున్నాన్ని గూడ నీ ఆమ్లం తిన్నది. నీ చెయ్యి మంచిగనే ఉన్నది. ఉన్న రీడింగే రాయి, ఎందుకొచ్చిందో రాయి. జర టైముంది." అని పక్క బల్లకు వెళ్లిపోయాడు.

కలం పట్టుకుని కూర్చున్నాను. నిజం రాస్తే జవాబు తప్పవుతుంది, తప్పయితే పాలిషింగ్. ఆయన మాట నమ్మవచ్చా, నన్ను ఇరికిస్తున్నాడా? కలం కదల్లేదు.

కాగితాలు తీసుకునేటప్పుడు నా ఇరవైని చూశాడు. సంతకం పెట్టాడు. తిడితే బాగుండేది. ఫలితాలొచ్చేదాకా అన్నం సహించలేదు. ముప్పైకి ముప్పై వేశాడు. ఆ మార్కులు చూసి నాన్న మిఠాయి పంచాడు, నాకు ఒక్క ముక్క మింగుడుపడలేదు.

ఇప్పుడు వికారాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ఎప్పుడైనా ఒక రీడింగ్ నమ్మబుద్ధి కాదు. "నిన్నటి లెక్కనే ఉంటది, రాసెయ్ అక్కా" అంటారు పక్కవాళ్లు. వెంటనే ఆ పచ్చరంగు, ఆ సంతకం గుర్తొస్తాయి. బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని మళ్లీ పిలుస్తాను. ఇంకోసారి సూది గుచ్చాలంటే ఎవరైనా తిడతారు. తిట్టించుకుంటాను.